వంతెన మీద లెక్క

భయం వేస్తే కొందరికి నోరు పడిపోతుంది. పురింగ్‌కి లేస్తుంది. ఆ మధ్యాహ్నం ఆమె వానని తిట్టింది, వానకి కొట్టుకుపోయిన రోడ్డుని తిట్టింది, మనీలాలో సిమెంటు పనికి పోయి ఫోను ఎత్తని అల్లుణ్ణి తిట్టింది. తోపుడుబండి మీద అరటాకుల కింద ముడుచుకుని పడుకున్న కూతురు లెర్మాని మాత్రం ఒక్క మాట అనలేదు. బండి వెనక తోస్తున్న తమ్ముడు కాద్యోకి గుబులు పుట్టింది అందుకే. అక్క నోట పడని మనిషి ఆ ఊళ్ళో ఇంతవరకూ లేరు.

మంత్రసాని అందరి ముందూ చెప్పింది వేరు. "బిడ్డ అడ్డం తిరిగింది. నా చేతుల్లో కాదు, పట్నం ఆసుపత్రికి తీసుకుపొండి" అంది. ఆ తర్వాత చేతులు కడుక్కునే వంకన పురింగ్‌ని వంటింట్లోకి లాక్కుపోయి, "పొద్దుట్నించీ కడుపులో కదలిక లేదు. పిల్లదానికి చెప్పకు, బెంబేలెత్తిపోతుంది" అని చెవిలో ఊదింది. పురింగ్ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఆమె కడుపులో ఏ మాటా దాగదని ఊరంతా అంటారు గానీ ఆ రోజు దాగింది.

రోడ్డు లేదు గనక రైలుదారే గతి. ఆ దారి కథ కూడా చెప్పాలి, ఎందుకంటే జరిగినదానికి సగం పాపం దానిదే. తాతల నాడు ఆ పట్టాలు వేసినప్పుడు కొండ కాళ్ళ దగ్గర్నించి ఏటికి తిన్నగా రావాల్సిందట. నార తోటల ఆసామి దోన్ ఫెర్మిన్‌కి మాత్రం స్టేషను తన గిడ్డంగి గుమ్మంలోనే ఉండాలనిపించింది. ఇంజనీర్లు ఆయన ఇంట్లో రోజూ కాల్చిన పంది తిన్నారు, తిని తేన్చి, గీత వంచేశారు. గిడ్డంగి ఎప్పుడో తగలబడిపోయింది. ఆసామి మనవలు మనీలాలో ఏం చేస్తున్నారో ఎవరికీ తెలియదు. వంపు మాత్రం మిగిలింది. అది సరిగ్గా వంతెన అవతలి కొసన ఉంది. వంతెన మీదున్న మనిషికి, ఎదురుగా వచ్చేది మీద పడేదాకా కనపడదు.

లెర్మా చంకబిడ్డగా ఉన్నప్పుడు వచ్చిన తుపానుకి దారి నాలుగుచోట్ల తెగి రైళ్ళు ఆగిపోయాయి. ఆనాటి నుంచి ఆ పట్టాలు తోపుడుబండి వాళ్ళవే. వెదురు బల్ల, కింద నాలుగు ఇనుప చక్రాలు, వెనకనుంచి కాలితో తోసే మనిషి ఒకడు, అంతే బండి. ఈమధ్య సర్కారు మళ్ళీ మేలుకుంది. ఓ ఏడు ఈ ముక్క, మరో ఏడు ఆ ముక్క బాగుచేస్తూ పట్నందాకా వచ్చింది. ఏ క్షణమైనా ఇంజను వస్తుంది, బండ్లు తీసెయ్యండని స్టేషను గోడకి కాగితం అంటించారు. ప్రతి ఎన్నికల ముందూ అంటించేదే గనక జనం దాన్ని చింపి ఎండుచేపలు చుట్టుకున్నారు.

బండివాళ్ళకి తమ చట్టం తమకుంది. పట్టా ఒక్కటే. రెండు బండ్లు ఎదురుపడితే దూరం నుంచే "ఎంతమందీ?" అని కేకేసుకోవాలి. తక్కువమంది ఉన్నవాళ్ళు దిగి, బండి ఎత్తి పక్కన పెట్టాలి. వంతెన మీద పక్కన పెట్టే చోటు ఉండదు గనక వచ్చిన దారినే వెనక్కి తోసుకోవాలి. శవపేటిక వస్తుంటే మోసేవాళ్ళనే లెక్కపెడతారు, లోపలివాణ్ణి పెట్టరు. పోయినవాళ్ళని బతికున్నవాళ్ళ లెక్కలో చెబితే, బతికున్నవాళ్ళలో ఒకరు తగ్గుతారని పురింగ్ తల్లి చిన్నప్పుడు చెప్పి మరీ భయపెట్టేది. కోళ్ళని కలిపితే ఏమవుతుందో ఆ తల్లి చెప్పలేదు. పురింగ్ కలిపేసేది. ఆమె ఆరుగురమని అరిస్తే ముగ్గురు మనుషులూ మూడు కోళ్ళూ అని లైను పొడుగునా అందరికీ తెలుసు.

"మనాయ్, ఇవాళ ఒక్క కోడి కూడా తేలేదే" అన్నాడు కాద్యో, వంతెన ఎక్కుతుండగా. ఆ దేశంలో అక్కని మనాయ్ అంటారు, ఊరంతా ఆమెని అలాగే పిలుస్తుంది. "ఎవడన్నా ఎదురొస్తే మన పరువేం కాను?"

"నోరు మూసుకుని తొయ్యి. కుదిపావంటే ఏట్లోకి తోసేస్తా."

కింద ఏరు ఎర్రగా, చెట్లని లాక్కుంటూ పోతోంది. వంతెనకి పిట్టగోడ లేదు, పక్కన నడిచే బల్లలు ఎప్పుడో ఎవరి పొయ్యిలోకో పోయాయి. తడిసిన స్లీపరు దుంగల మీద ఒక్కొక్క అడుగే చూసుకుంటూ ఇద్దరూ బండిని తోస్తున్నారు. వాన పొగమంచులా దిగి అవతలి గట్టుని మింగేసింది. లెర్మా పళ్ళ బిగువున మూలుగుతోంది. మూలిగినప్పుడల్లా పురింగ్‌కి కాస్త ధైర్యం వచ్చేది, మూలుగు ఆగగానే అది కాస్తా పోయేది.

వంతెన నడిమధ్యలో కాద్యో ఠక్కున ఆగి, వంగి, పట్టా మీద అరచెయ్యి పెట్టాడు.

"ఏంట్రా?"

"నువ్వూ పెట్టు."

పురింగ్ పెట్టింది. పట్టా వణుకుతోంది. ఆ వణుకు చేతిలోంచి మోచేతికి, అక్కణ్ణుంచి గుండెకి పాకింది.

"ఏ బండికీ ఇంత వణుకు రాదు మనాయ్" అన్నాడు కాద్యో. అతని మొహంలో వేళాకోళం చచ్చిపోయింది.

వెనక్కి ఎంత దూరమో ముందుకీ అంతే. లెర్మాని ఎత్తుకుని పరిగెత్తుదామంటే జారే స్లీపర్లు, మధ్యలో నోళ్ళు తెరిచిన ఖాళీలు. పక్కకి దిగుదామంటే ఏరు. పురింగ్ ముగ్గురం ఇక్కడే పోతాం అనుకుంది. ఆ వెంటనే, ముగ్గురమేనా, అనుకుంది.

"ఎందుకాపారమ్మా?" అంది లెర్మా.

"ఏం లేదు తల్లీ. మీ మామకి కాలు పట్టేసింది. తిండిపోతు వెధవ."

మంచులో పసుపుపచ్చ వెలుగు ఒకటి పుట్టి పెద్దదవుతోంది. వంపు దగ్గరే ఉన్నట్టుంది. పురింగ్‌కి ఇంకేమీ తోచలేదు. ఇరవయ్యేళ్ళ అలవాటు ఆమె గొంతులోంచి తనంతట తానే బయటపడింది. "ఎంతమందీ?"

"రైలుని అడుగుతున్నావా?" అన్నాడు కాద్యో ఏడుపు గొంతుతో.

పట్టా వణుకు ఆగింది. వెలుగు ఉన్నచోటే ఉంది. పురింగ్ మళ్ళీ అరిచింది, గొంతు చిరిగేలా. అవతల ఇనుము ఆయాసపడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి దాని వెనకనుంచి ఒక మగగొంతు తేలి వచ్చింది.

"ముగ్గురం! మీరూ?"

ఇటు చూస్తే తనూ, తమ్ముడూ, లెర్మా. ముగ్గురూ ముగ్గురూ సమానమైతే తగువే. ఎవరు ముందెక్కారు, ఎవరి దూరం తక్కువ అని అరగంట వాదనలు జరిగేవి. ఆ అరగంట లెర్మాకి లేదు. కడుపులో బిడ్డని కలిపి నలుగురం అనాలి. జీవితమంతా సిగ్గూ ఎగ్గూ లేకుండా కోళ్ళని మనుషుల్లో కలిపిన ఆడమనిషికి ఆ ఒక్క అంకె నోట్లోంచి రాలేదు. లోపలివాడు పోయుంటే? పోయినవాణ్ణి కలిపితే ఒకరు తగ్గుతారు. బండి మీద తగ్గడానికి సిద్ధంగా ఉన్నది ఎవరో చూస్తూనే ఉంది. పోనీ ముగ్గురమే అందామా? అంటే బిడ్డ పోయిందని సొంత అమ్మమ్మే చాటింపు వేసినట్టు. ఎటు చెప్పినా చంపడమే అనిపించింది ఆమెకి.

"మీరెంతమందీ?" గొంతు మళ్ళీ అడిగింది.

పురింగ్ కళ్ళు మూసుకుంది. "నలుగురం!" అంది. ఆ అరుపు సగంలో విరిగిపోయింది.

టార్చి ఒకటి ఊగుతూ స్లీపర్ల మీదుగా వచ్చింది. డ్రైవరు తెబాన్. చిన్నప్పుడు ఇదే లైను మీద బండి తోసి, పురింగ్ కోళ్ళకి దారి ఇచ్చి ఇచ్చి విసిగిపోయినవాడు.

"నీ గొంతే అనుకున్నా మనాయ్! చచ్చినా మారవు కదా. ఏదీ, నాలుగోది పుంజా పెట్టా?"

టార్చి లెర్మా మీద పడగానే అతని నవ్వు ఆరిపోయింది. పురింగ్ కూతురి కడుపు వైపు చూపించింది. తెబాన్ గొంతు తగ్గించి, "కదుల్తున్నాడా?" అని అడిగాడు.

పురింగ్‌కి అబద్ధం అందలేదు. "తెలీదురా అబ్బీ" అంది.

"నాకు తెలుసమ్మా" అంది లెర్మా అరటాకుల కిందనుంచి. "పొద్దుట్నించీ కదల్లేదు. నువ్వు హడలిపోతావని చెప్పలేదు."

లెర్మా తన తల్లి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. తెబాన్ వెనక్కి తిరిగి వంపు వైపు అరిచాడు. "సారూ! వాళ్ళు నలుగురంట! మనమే వెనక్కి!"

"ఇంజను వెదురు బండికి దారివ్వడమేంటయ్యా?" అని అటునుంచి ఒక చదువుకున్న గొంతు విసుక్కుంది.

"ఈ వంతెన చట్టం అంతే సార్!"

వంతెనని పరీక్ష చెయ్యడానికి మనీలా నుంచి వచ్చి, దాని ముందే ఇంజను ఆపించిన ఆ సారు, దాన్ని చూసిన దగ్గర్నించీ ఇంజను కమ్మీ వదల్లేదట. వెనక్కి వెళ్దామంటే ఆయనకి రెండోసారి చెప్పక్కర్లేకపోయింది.

బండిని గట్టు చేర్చి, లెర్మాని ఇంజనులోకి ఎక్కించారు. కాద్యో తన బండిని గడ్డిలోకి ఎత్తి, తడి బల్లని ఒకసారి తుడిచి వచ్చాడు. దానికి ఇక పని ఉండదని అతనికి అప్పుడే అర్థమైంది. ఇంజను వంపులో వెనక్కి నడిచింది. దోన్ ఫెర్మిన్‌నీ, ఆయన పంది మాంసాన్నీ పురింగ్ తిట్టాల్సిన చోటు అది, ప్రతిసారీ తిట్టేది. ఇవాళ మాట్లాడలేదు.

ఆసుపత్రి వరండాలో అరచెయ్యి పట్టా మీద పెట్టినట్టు గోడకి ఆనించి, లోపల ఏదైనా వణుకు తెలుస్తుందేమోనని నిలబడింది. గోడ చల్లగా ఉంది. "ఏదో ఒకటి తిట్టు మనాయ్, నాకు భయంగా ఉంది" అన్నాడు కాద్యో. ఆమెకి వినపడలేదు. నలుగురం అన్నాను, నా నోటితో నేనే అన్నాను, ఇప్పుడెవరు తగ్గుతారు, అదొక్కటే ఆమె బుర్రలో తిరుగుతోంది.

ఏడుపు వినిపించింది. సన్నగా, కోపంగా. కాద్యో ఎగిరి గంతేశాడు. పురింగ్ కదల్లేదు. వినపడింది ఒక్క గొంతే.

నర్సు తలుపు తీసుకుని వచ్చి, "ఆడపిల్ల!" అంది.

పురింగ్ ఆమె మణికట్టు పట్టేసుకుంది. "ఎంతమందీ?"

"ఏంటమ్మా?"

"లోపల. ఎంతమంది ఉన్నారు?"

నర్సు వింతగా చూసింది. "ఇద్దరే కదమ్మా. తల్లీ, బిడ్డా. ఇద్దరూ బాగానే ఉన్నారు."

పురింగ్ కాద్యోని చూపుడువేలితో పొడిచి ఒకటి అంది, తన గుండెల మీద వేలు పెట్టుకుని రెండు అంది, తలుపు వైపు రెండుసార్లు వేలు ఊపింది. అప్పుడు నేల మీద చతికిలబడి ఏడవడం మొదలుపెట్టింది.