కెటిల్ పెడుతున్నా

ఫిబ్రవరి పదకొండు రాత్రి మాస్టారి భార్య తిన్నది పాలలో నానిన రొట్టె, మూడు చెంచాలు. "చక్కెర మర్చిపోయారు," అంది. మాస్టారు డబ్బా తెచ్చేలోగా నిద్రపోయింది. ఆ నిద్రలోనే, తెల్లవారకముందే వెళ్లిపోయింది. బాధ తెలియకుండా పోయిందని ఇంటికొచ్చి చూసే నర్సు చెప్పింది. ఆ ఒక్క మాటనే ఆయన పట్టుకుని ఉన్నారు.

కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ చూసుకుని రిటైరైన ఆయనకు వాట్ల మాస్టారు అని పేరు పెట్టింది ఆమే. ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు దాన్ని తిరగేసి, వెనక వాట్లు రాసి అంటించిన రేకు చదవడం ఆయన అలవాటు. "నన్నూ తిప్పి చూసే చేసుకున్నారా, ఎన్ని వాట్లని?" అనేది.

అది పాత అద్దె ఇల్లు. వైర్లూ పాతవే. మొత్తం కలిపి రెండు వేల మూడు వందల వాట్లు మోస్తే గొప్ప. ఆమె గదిలో ఆక్సిజన్ మిషన్ మూడు వందల యాభై, హీటర్ వెయ్యి. వంటింట్లో కెటిల్ పదిహేను వందలు. మూడూ కలిశాయా, మెయిన్ స్విచ్ టప్పున పడిపోయేది. కరెంటు అందక మిషన్ కీచుమని అరిచేది. అందుకని ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. టీ కావలసినవాళ్లు వంటింట్లోంచి "కెటిల్ పెడుతున్నా" అని కేకెయ్యాలి. ఆమె మంచం పక్కన వేలాడే స్విచ్ నొక్కి హీటర్ ఆపి, "ఊఁ" అనాలి. ఆ "ఊఁ" వినబడ్డాకే కెటిల్. ఆయన టీ కోసం ఆమె నాలుగు నిమిషాలు చలిలో ఉండేది.

"మీ టీ నా వణుకు మీద మరుగుతోంది," అని దెప్పేది కూడా.

ఇప్పుడు ఏప్రిల్. మిషన్ ఇంకా ఆ గదిలోనే ఉంది. సందు చివర బేకరీ నడిపే ఆవిడ తల్లి ఆస్పత్రిలో ఉందని, ఇలాంటి మిషన్ దొరికితే ఇంటికి పంపేస్తారని, ముసలావిడ ఇంటికి పోతానని ఒకటే గోల పెడుతోందని అదే నర్సు రెండుసార్లు ఫోన్ చేసింది. "సర్వీసింగ్ చేయించి ఇస్తాను," అని రెండుసార్లూ మాస్టారు దాటవేశారు. అబద్ధం చేతకాని మనిషి. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కూతురి మొహం చూడలేదు.

కూతురు పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఆదివారం రాత్రి మీటర్ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నాన్నా, హీటర్ ఆపేసి రెండు నెలలైంది. యూనిట్లు ఇంకా బాగా తగ్గాలి కదా? మనింట్లో ఎవరో దొంగతిండి తింటున్నారు."

"ఫ్రిజ్ అయ్యుంటుంది."

"నీ కెటిల్ అయ్యుంటుంది. పొద్దస్తమానం టీలే."

"కెటిల్‌ని ఏమీ అనకు. పదిహేను వందలన్న పేరేగానీ నాలుగు నిమిషాల్లో దాని పని అయిపోతుంది. పదిసార్లు పెడితే ఒక యూనిట్. పెద్ద నోరున్నవాళ్లే ఎక్కువ తింటారనుకోకమ్మా. గంటల తరబడి కొంచెం కొంచెం కొరికేవాళ్లని..."

మాట సగంలో నాలుక్కరుచుకున్నారు.

ఆమె అప్పటికే ఒక్కో స్విచ్ ఆపుకుంటూ వెళ్తోంది. ఫ్రిజ్ ఆపింది. ఫ్యాన్లు ఆపింది. వచ్చి చూస్తే మీటర్ మీద ఎర్రదీపం ఇంకా మిణుకుమంటూనే ఉంది. ఇల్లు సద్దుమణిగాక చెవిన పడింది, తల్లి గదిలోంచి సన్నటి రొద. ఆ రొద ఎంతగా అలవాటైపోయిందంటే, ఇన్నాళ్లూ తనకూ వినబడనేలేదు.

తలుపు తోసింది. మిషన్ నడుస్తోంది. సీసాలో నీళ్లు బుడబుడమంటున్నాయి. గొట్టం దిండు మీద పడుకుని ఉంది.

"ఎప్పట్నించి నాన్నా?"

"చప్పుడు ఉంటేనే కునుకు పడుతోంది. లేకపోతే ఆగిపోయిందేమోనని లేచి కూర్చుంటున్నాను." ఆయన గుమ్మంలోనే నిలబడ్డారు. "రాత్రికి దగ్గర దగ్గర మూడు యూనిట్లు. అంటే ముప్పై కెటిళ్లు. లెక్క తెలుసులే."

ఆమెకు నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. గొట్టం కొస అరచేతికి ఆనించుకుని, మెల్లిగా అంది.

"ఈ గాలి ఎవరికి పోతోంది?"

మాస్టారు లోపలికి వచ్చారు. వంగి, తానే ఆపారు. బుడగలు ఒక్కొక్కటే తగ్గాయి. తరవాత ఫోన్ తీసి నర్సుకు చెప్పారు, మిషన్ బాగానే ఉందని.

మర్నాడు చీకటి పడే వేళకు బేకరీ ఆవిడ తోపుడుబండితో వచ్చింది. జబ్బలకు ఇంకా పిండి అంటుకునే ఉంది. మాస్టారు మిషన్ తిప్పి రేకు చూపించారు.

"మూడు వందల యాభై. ఇది నడుస్తుండగా మీ ఇంట్లో ఇంకేమేం నడుస్తాయో కూడి చూసుకోండి. హీటరుందా?"

"ఉందండి."

"అయితే దాని స్విచ్ అమ్మగారి చేతికివ్వండి. కెటిల్ పెట్టే ముందు ఆవిణ్ణి అడగండి. ఊఁ అనేదాకా ఆగండి."

"ఆవిడకెందుకండీ ఆ శ్రమ? నేనే ఆపేస్తాను."

"వద్దమ్మా," అన్నారు మాస్టారు. "మంచంలో ఉన్నవాళ్లని ఎవరూ ఏమీ అడగరు. ఇదొకటైనా అడగండి."

బండి సందు మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చారు. కూతురు హాల్లో బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. ఇస్త్రీపెట్టె ఏడు వందల యాభై. మాస్టారు కెటిల్లో నీళ్లు పోసి, కేకెయ్యడానికి నోరు తెరిచారు. మూసుకుని స్విచ్ వేశారు. హాల్లో ఇస్త్రీ చప్పుడు ఆగింది, పెట్టె స్విచ్ మాత్రం వేసే ఉంది. ఇద్దరూ మెయిన్ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూశారు.

పడలేదు. నీళ్లు మరిగాయి.

"ఇప్పుడు రెండూ ఒకేసారి వేసుకోవచ్చన్నమాట," అంది కూతురు, హాల్లోంచి.

"ఊఁ," అన్నారాయన.

టీ తాగాక ఆ గదికి వెళ్లారు. మిషన్ ఉన్నచోట నేల మీద నాలుగు చక్రాల గుర్తులున్నాయి. వేలాడే స్విచ్‌ని తీసి మంచం మీద పెట్టారు. దీపం ఆపి, లోపల ఎవరో నిద్రపోతున్నట్టుగా, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగారు.