పిట్టలాయన రింగు

అన్నయ్య ఇంట్లో ఆరు నెలలు, తమ్ముడి ఇంట్లో ఆరు నెలలు. భర్త పోయిన దగ్గర్నుంచీ ఆవిడ బతుకు అంతే. ఎప్పుడు చూసినా చేతిలో సంచి ఉంటుంది కాబట్టి పిల్లలు సంచత్త అని పేరు పెట్టారు, పెద్దవాళ్ళూ అదే ఖాయం చేశారు. ఆ రోజు పొద్దున్నే లేచి అందరికీ టీ పెట్టి, దుప్పట్లు మడిచి, తన బట్టలు సంచిలో కుక్కుకుని గుమ్మంలో నిలబడింది. తమ్ముడింటికి పోయే గడువొచ్చింది. ఆ దారిలోనే పిట్టలాయన కొండ ఉంది కదా, ఎక్కి దిగి అటునుంచటే బస్సెక్కించేద్దామని అన్నయ్య ఆలోచన. ఒకే దెబ్బకు రెండు పిట్టలు. ఆ కొండ దగ్గర ఈ మాట అనకూడదనుకోండి.

ఈసారి మాత్రం సంచత్తకి కాళ్ళు కదలడం లేదు. రెండు వీధుల అవతల లాండ్రీలో ఇస్త్రీ పని దొరికింది. "నువ్విప్పుడు వెళ్ళిపోతే ఆర్నెల్లపాటు నీ బల్ల ఖాళీగా ఉంచలేను. పైన గది ఉంది, ఉండిపో," అంది ఓనరమ్మ. ఆ ముక్క అన్నయ్యతో చెబుదామని వారం నుంచీ నోరు తెరుస్తోంది, "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగి మూసేస్తోంది. పోనీ తనకి నిజంగా ఉండిపోవాలనుందా అంటే, అదీ తేలడం లేదు. అడిగేవాళ్ళు లేక అలవాటు తప్పిపోయింది.

పిట్టలాయన బతికున్నన్నాళ్ళూ ఆ కొండమీద పిట్టల్ని వలలో పట్టి, కాలికి సన్నటి రింగు తొడిగి వదిలేసేవాడు. ఏ జాతి తగ్గిపోతోందో, ఏది ఎటు పోతోందో తెలియాలిగా మరి. వేటగాళ్ళతో పోట్లాడి అడవిని నిలబెట్టాడు. పోయాక కొండమీద ఆయన పేరున ఒక రాయి పాతారు. రింగులు వెయ్యడం మాత్రం ఆయన మానలేదు. పిట్టలకే కాదు, అప్పుడప్పుడూ కొండెక్కిన మనుషులకీ వేస్తాడు. రింగు పడిన ప్రాణిని పట్టుకోకూడదు, పిలవకూడదు, వెనక్కి జరిగి ఎటు పోతే అటు పోనివ్వాలి. అది అక్కడి మర్యాద. కిందటేడు ఒక బ్యాంకు మేనేజరుకి పడితే ఆయన సముద్రం వైపు వెళ్ళిపోయాడు. బ్యాంకువాళ్ళు ఇంకో మేనేజర్ని వేసుకున్నారు.

అన్నయ్యకి ఆ రింగంటే పిచ్చి. పిట్టలాయనకి తొడగడానికి వీలుగా ఉండాలని ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి మరీ ఏటా కొండెక్కుతాడు.

"ఎటు ఎగిరిపోదామని అంత ఆశ?" అంది వదిన, ఆయాసపడుతూ.

"ఎటూ కాదే బాబూ! గౌరవం కదా!"

రాళ్ళు కాళ్ళకింద జారుతున్నాయి. ముళ్ళపొదలు బట్టలు లాగుతున్నాయి. ఎట్టకేలకు రాయి దగ్గరికి చేరాక అన్నయ్య ఒక కాలు ముందుకు చాపి చాలాసేపు నిలబడ్డాడు. సంచత్త కూడా దణ్ణం పెట్టుకుంది గానీ ఏం కోరుకోవాలో తోచలేదు. ఉద్యోగం కావాలందామా, తమ్ముడికి కోపం రాకూడదందామా అని తికమకపడుతుంటే, గుడ్డును పట్టుకున్నంత మెత్తగా ఎవరో చీలమండ పట్టుకుని వదిలారు. చీమేమో అనుకుని కాలు విదిలించింది.

కింద గేటు దగ్గర కాపలా ఆవిడ అందరి కాళ్ళూ చూసి పంపిస్తోంది. అన్నయ్య కాలు చూసి పెదవి విరిచింది. సంచత్త కాలు చూసి లేచి నిలబడింది.

"మీకు పడిందమ్మా."

"నాకా? మా అన్నయ్యకి వెయ్యబోయి పొరపాటున వేశాడేమో!"

"ఆయన పొరపాటు చెయ్యడమ్మా. తగ్గిపోతున్నవాళ్ళకే వేస్తాడు."

"నేను తగ్గిపోతున్నానా వదినా?"

వదిన ఎగాదిగా చూసింది. కళ్ళు తుడుచుకుంది.

బస్టాపులో జనం మర్యాదగా వెనక్కి జరిగారు. తమ్ముడి ఊరికి పోయే బస్సు ఒక పక్క, అన్నయ్య ఊరికి పోయేది ఇంకో పక్క. డ్రైవర్లిద్దరూ ఇంజన్లు ఆపేసి కూర్చున్నారు.

"అన్నయ్యా, ఏ బస్సు?" అంది సంచత్త.

అన్నయ్య నోరు తెరిచాడు. వదిన చటుక్కున చేత్తో మూసేసింది.

"ఎవరో ఒకరు చెప్పండి బాబూ!"

ఎవరూ చెప్పలేదు. సంచత్తకి ఏడుపొచ్చింది, ఆ వెనకే కోపమొచ్చింది. ఇన్నాళ్ళూ అడగకపోయినా చెప్పేవాళ్ళు, అడిగితే చెప్పరేం? అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేసింది. చివరికి విసురుగా వెళ్ళి అన్నయ్య ఊరి బస్సెక్కి కూర్చుంది.

"మనింటికేలే," అని అన్నయ్య ఊపిరి పీల్చుకున్నాడు. తమ్ముడికి ఏం చెప్పాలో తెలియకపోయినా, వెనక సీట్లో హాయిగా నిద్రపోయాడు.

ఇంటికి ఒక స్టాపు ముందు సంచత్త లేచింది. కండక్టరు బస్సు ఆపించాడు. మెలకువొచ్చిన అన్నయ్య గబుక్కున లేవబోతే వదిన చొక్కా పట్టుకుని లాగింది.

"అదేంటే, మన స్టాపు కాదుగా?"

"మనది కాదు," అంది వదిన.

బస్సు కదిలింది. కిటికీలో అన్నయ్య బిక్కమొహం చూస్తే సంచత్తకి పరిగెత్తి మళ్ళీ ఎక్కేద్దామా అనిపించింది. బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, తర్వాత లాండ్రీ మెట్లెక్కింది.

ఓనరమ్మ పై గది తలుపు తీసింది. "ఎన్నాళ్ళుంటావు?" అని అడిగింది.

సంచత్త అలవాటుగా వేళ్ళు మడవబోయి ఆగిపోయింది.

"ఏమోనమ్మా," అంది. "ఎవరూ పంపించెయ్యకపోతే నేనెన్నాళ్ళుంటానో ఇంతవరకూ చూళ్ళేదు."

ఓనరమ్మ తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి కిందికి వెళ్ళిపోయింది.