మీసానికీ ఎముకకీ ముడి

మామగారి నోటికీ మీసానికీ మధ్య వేలెడు దూరం కూడా ఉండదు. అందుకేనేమో, ఆయన నోరు జారినప్పుడల్లా ఇరుక్కునేది మీసమే. నలభై ఏళ్లు ప్లంబరుగా పైపులు బిగించి రిటైరయ్యారు. ఆ నలభై ఏళ్లలో "ఈ పైపు మళ్లీ కారితే మీసం తీయించుకుంటా" అని ఆయన అనని ఇల్లు ఊళ్లో లేదు. పైపులు కారాయి, మీసం మాత్రం నిలిచింది. ఎవరూ పట్టుబట్టలేదు మరి.

ఈసారి పట్టుబట్టేవాడు దొరికాడు. పొద్దున్నే నది ఒడ్డుకు నడకకు వెళ్లిన మామగారు, ఎర్రమట్టి గట్టు విరిగిపడిన చోట కొబ్బరికాయంత రాయి ఏరుకుని, తిన్నగా బావమరిది సెలూన్‌కి మోసుకొచ్చారు. "ఇది డైనోసార్ ఎముక కాకపోతే మీసం తీయించుకుంటా" అన్నారు. బావమరిది కత్తెర ఆపి, కుర్చీల్లో ఉన్న ముగ్గురినీ సాక్షులుగా చూపించాడు.

"ఆదివారం దాకా టైము బావా. తేల్చాల్సింది మీ కోడలు."

కోడలిది మ్యూజియంలో ఎముకలు శుభ్రం చేసే ఉద్యోగం. సూదులతో, పళ్లు తోముకునే బ్రష్షులతో కోట్ల ఏళ్లనాటి మట్టిని గీకి తీస్తుంది. ఇంట్లో ఆమె మాట చెల్లినా చెల్లకపోయినా, ఎముకల దగ్గర ఆమెదే ఆఖరి మాట. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మామగారు ఏమీ ఎరగనట్టు అడిగారు.

"అమ్మాయ్, ఎముకో రాయో మీరెలా కనిపెడతారు?"

"నాలుక ఆనించి చూస్తాం మామయ్యా. ఎముకైతే అంటుకుంటుంది, రాయైతే అంటుకోదు."

పాత ఎముక నిండా సన్నటి కన్నాలుంటాయని, అవి తడిని పీల్చుకోవడం వల్లే నాలుక అంటుకుంటుందని కూడా చెప్పేదే. కానీ ఆయన అప్పటికే చెయ్యి కడుక్కోవడానికి లేచారు. మామగారికి ఏదైనా సగం వింటే చాలు, మిగతా సగం సొంతంగా కలుపుకుంటారు.

ఆదివారం సెలూన్ కిటకిటలాడింది. కోడలు రాయిని చేతిలోకి తీసుకుంది. నున్నగా నిగనిగలాడుతోంది. నాలుక ఆనించింది. అంటుకుంది. అంటుకోవడమే కాదు, తియ్యగా ఉంది.

తలెత్తి చూస్తే మామగారు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నారు. ఇంట్లో తేనె సీసా మూడు రోజుల్లో సగానికి ఎందుకు దిగిందో అప్పుడర్థమైంది.

ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది, ఆ వెనకే పాత మాటొకటి గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో "ఎముకలు కడిగే పిల్లా?" అని చుట్టాలు మూతి విరిస్తే, "అంత ఓపికున్న మనిషిని ఇంకొకర్ని చూపించండి, మీసం తీయించుకుంటా" అని అడ్డం నిలబడింది ఈయనే. ఇప్పుడా మీసం ఆమె నాలుక చివర వేలాడుతోంది. అంటుకుందని ఒక్కమాట అంటే చాలు, అబద్ధం కూడా కాదు. నాలుకకి నరం లేదంటారు గానీ, ఎముకల విషయంలో ఆమె నాలుక ఎటు పడితే అటు తిరగదు.

రాయిని కుళాయి కింద పెట్టి సబ్బుతో రుద్దింది, తువ్వాలుతో తుడిచింది, జుట్టు ఆరబెట్టే మిషన్‌తో ఆరబెట్టింది. మళ్లీ నాలుక ఆనించింది. అంటుకోలేదు.

"రాయే మామయ్యా."

తేనె సంగతి ఆమె బయటపెట్టలేదు. మామగారు కుర్చీ ఎక్కారు. బావమరిది నురగ పట్టించాడు. ఎడమవైపు మీసం ఒక్క గీతతో పోయింది.

చూడలేక కోడలు కిటికీ వైపు తిరిగింది. కిటికీ గట్టు మీద పెట్టిన రాయికి చీమలు బారులు తీరాయి. పైనున్న తేనె అంతా కడిగేసిందే, ఇంకా వీటికి ఏం పని? వంగి చూసింది. విరిగిన కొస దగ్గర ఒక చీమ ఆవగింజంత కన్నంలోకి దూరింది. దాని వెనక ఇంకొకటి. ఇంత గట్టి రాయికి కన్నమెక్కడిది? సంచిలోంచి భూతద్దం తీసి పెట్టింది. కొసంతా కన్నాలే, కన్నాల నిండా తేనే. ఎముకని ఎముకగా నిలబెట్టాలని మామగారు పూసిన తేనె, కన్నాలన్నీ పూడ్చేసి దాన్ని రాయిని చేసింది.

"ఆపండి బాబాయ్, ఎముకే."

కత్తి కుడివైపు మీసానికి వెంట్రుకవాసిలో ఆగింది.

మర్నాడు మ్యూజియం పెద్దమేడం వచ్చి, ఎముకనీ, అది దొరికిన గట్టునీ చూసి, డైనోసార్ తోకలోని పూస అని తేల్చింది. "మీసం పోయి తోక వచ్చింది బావా" అన్నాడు బావమరిది. ఆ మిగిలిన సగం కూడా తీయించుకుంటే ముఖం సరిగ్గా ఉంటుందని అత్తగారు బతిమాలింది. ఓడినవాడు కదా తీయించుకోవాల్సింది, నేను గెలిచానని మామగారు భీష్మించుకున్నారు. మ్యూజియం రిజిస్టరులో 'గుర్తించినవారు' అన్న గడిలో కోడలు నిజాయితీగా 'చీమలు' అని రాస్తే, మేడం కొట్టేసి ఆమె పేరు రాసింది.

తర్వాత ఫొటో. మామగారు ఎముకని మూతికి అడ్డంగా ఎత్తి పట్టుకున్నారు.

"కాస్త కిందికి దించండి, ముఖం కనబడట్లేదు" అన్నాడు ఫొటోగ్రాఫరు.

"నా ముఖానిదేముంది బాబూ, నిన్నగాక మొన్న పుట్టింది. దీని వయసు చూడు."

చెయ్యి నొప్పెట్టి ఎముక మెల్లగా జారుతోంది. కోడలు పక్కనే నిలబడి, రెండో వైపు తన చెయ్యి వేసి, దాన్ని మళ్లీ ఆయన మూతి దాకా ఎత్తి పట్టుకుంది.