కొరియా నుంచి తెచ్చిన మాట

కొరియా వెళ్లి వచ్చి వారం దాటినా, కుర్మయ్య తన భార్యకు చెప్పాలనుకున్న మాట ఇంకా గొంతులోనే ఉంది. విమానం ఎలా ఎగిరిందో చెప్పాడు. అక్కడివాళ్లు క్యాబేజీకి కారం పట్టించి జాడీల్లో ఊరబెట్టుకుంటారని చెప్పాడు. చలికి తన చెవులు ఎలా మొద్దుబారాయో తమ ఊరు ఎంకపల్లిలో సగం మందికి చెప్పాడు. ఆ ఒక్క మాట మాత్రం శంకరమ్మ ముందు నోటికి రాలేదు.

ఆరేళ్ల కిందట పూర్ణిమ అనే సిటీ అమ్మాయి పక్కూరు కనకమామిడిలో రేకుల షెడ్డు వేసి కుండల స్టూడియో పెట్టింది. అప్పటి నుంచి మొగుడూ పెళ్లాలిద్దరికీ అక్కడే పని. చేవెళ్ల వైపు నుంచి ట్రాక్టరులో వచ్చే చెరువుమట్టిని శంకరమ్మ జల్లించి, నానబెట్టి, కాళ్లతో తొక్కి ముద్దలు చేసి ఇస్తుంది. కుర్మయ్య కరెంటుతో తిరిగే కుమ్మరి సారె ముందు కూర్చుని కాఫీ కప్పులు, సూపు గిన్నెలు తీస్తాడు. ముప్పై రెండేళ్ల కాపురంలో శంకరమ్మ సారె మీద చెయ్యి వేయలేదు. వాళ్లింట్లో ఆడవాళ్లు సారె ముట్టకూడదు. కుర్మయ్య తండ్రి సాయిలు అయితే, కోడలు పక్కనుంచి నడిచినా సారెకు కొంగు తగిలిందేమోనని చూసేవాడు. అది తప్పని కుర్మయ్యకు ఏనాడూ తోచలేదు. ఒప్పా అని కూడా ఆలోచించలేదు. అలా జరిగిపోయిందంతే.

కొరియాలో జరిగే కుండల పండగకు పూర్ణిమతో పాటు ఆయన్నూ పిలిచారు. అక్కడొక పల్లెలో ముసలి దంపతుల పని చూపించారు. సారె ముందు కూర్చున్నది ముసలమ్మ! మొగుడు పక్కన మట్టి పిసికి, లావు తాడులా పేని అందిస్తున్నాడు. ఆమె దాన్ని చుట్టలు చుట్టలుగా పేర్చి, లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో కొడుతూ పెద్ద జాడీని పైకి లేపుతోంది. కుర్మయ్య నోరు తెరుచుకుని చూస్తుంటే ఆమె నవ్వి, చెక్క ఆయన చేతికిచ్చింది. ఆమె లోపల రాయి పట్టుకుంటే ఆయన బయట కొట్టాడు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా పదో దెబ్బకు ఇద్దరి చేతులూ కలిశాయి.

అప్పుడు శంకరమ్మ గుర్తొచ్చింది. ఎంతమంది తొక్కిన మట్టి పక్కపక్కన పెట్టినా, ఆమె తొక్కింది ఏదో వేలితో తాకి చెప్పగలడు తను. మట్టి అంతగా తెలిసిన మనిషిని ఇన్నేళ్లూ సారెకు అవతలే నిలబెట్టాడు. ఆ జాడీ కొడుతున్నంతసేపూ ఆయనకు సిగ్గేసింది.

ఎనిమిదో రోజు పూర్ణిమ సరుకు ఇవ్వడానికి సిటీకి వెళ్లింది. షెడ్డులో ఇద్దరే మిగిలారు. కుర్మయ్య సారె ఆపి లేచి నిలబడ్డాడు.

"శంకరమ్మా, జర ఇటు రా. గిక్కడ కూసో."

"యాడ?"

"సారె ముందట."

శంకరమ్మ మట్టి తొక్కుతున్నదల్లా ఆగిపోయింది. "ఏమైందయ్యా నీకు? పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది. ఆడ ముసలామె గింత పెద్ద జాడి చేస్తున్నది. నువ్వెందుకు చెయ్యొద్దు?"

"మామ ఉంటే గీ మాట అంటుంటివా?"

కుర్మయ్య తల దించుకున్నాడు. "అనకపోతుంటి. బాపు ముందట నాకు నోరెక్కడిది? తప్పు నాదే."

శంకరమ్మ మట్టిలోంచి బయటికొచ్చింది. కాళ్లు కడుక్కుని, మట్టి బస్తాల వెనక్కి వెళ్లి ఒక చెక్క పలక పట్టుకొచ్చింది. మీది గోనెపట్టా తీసింది. ఏడు పచ్చి గిన్నెలు. ఒకటి పక్కకు ఒరిగింది, ఇంకోదాని అంచు వంకర.

"ఎవలు చేసిన్రు?"

"నేనే. మీరు పోయిన మూడో దినమే కూసున్న. సారె ఉత్తగ పడి ఉంటే షెడ్డంత బోసిపోయినట్టున్నది. జర తిప్పి చూద్దామనుకున్న, ఇగ ఆగలే." గొంతు తగ్గించింది. "నువ్వేమంటవో అని దాచిన."

కుర్మయ్య నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. తర్వాత ఒక్కో గిన్నె తీసి తిప్పి చూస్తూ, గోటితో అడుగు తట్టాడు.

"అడుగు మందమైంది. కాల్చేటప్పుడు పగులుతది."

"పగిలినప్పుడు చూద్దాం."

"గిది మంచిగొచ్చింది. నా మొదటి గిన్నె గింత మంచిగ రాలే."

"అబద్ధాలాడకు."

"నీ మీద ఒట్టు."

మర్నాటి నుంచి ఇద్దరూ పెద్ద జాడీకి దిగారు. శంకరమ్మ సారె ముందు కూర్చుంటే, కుర్మయ్య మట్టిలోకి దిగాడు. గంట తిరక్కుండానే మోకాళ్లు పట్టేశాయి.

"గింత కష్టమా ఇది?"

"ముప్పై రెండేండ్ల సంది ఒక్కనాడన్న అడగకపోతివి!"

మొదటి జాడీ సగంలోనే కూలింది. రెండోది నడుమెత్తు లేచి, కొద్దిగా ఎడమకు ఒరిగి ఆగింది. బట్టీలోంచి చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. పూర్ణిమ దాన్ని సిటీలో ప్రదర్శనకు పెడతానని, పేరుచీటీ రాయడానికి పెన్ను తీసింది.

"శంకరమ్మ అని రాయి బిడ్డా," అన్నాడు కుర్మయ్య.

శంకరమ్మ జాడీ మీది దుమ్ము కొంగుతో తుడుస్తూ అంది: "ఆయన పేరు గూడ రాయమ్మా. మట్టి తొక్కింది ఆయనే."