చప్పటి గిన్నె

పెద్ద కళాయిలో పంది ఎముకల పులుసు మరుగుతోంది. తాన్ దెగుయ్ పిడికెడు టేస్టింగ్ సాల్ట్ పొడి తీసి, కోళ్లకు నూకలు జల్లినట్టు జల్లాడు. పొట్టి మనిషి. ఏళ్ల తరబడి ఆవిరి తగిలి కనుబొమలు పలచబడ్డాయి. ఆ కొండపల్లెల్లో పెళ్లికైనా చావుకైనా వంట అతనిదే. పులుసు అందరికీ గుర్తుంటుంది, వండినవాడు ఎవరికీ గుర్తుండడు.

పక్కన చిన్న కుండలో ఉడుకుతున్నది చనిపోయిన మనిషికి. శవపేటిక ముందు ఒక గిన్నె పెట్టి, అగరొత్తి కాలిపోయాక ఇంటివాళ్లు రుచి చూస్తారు. చప్పగా ఉంటే పోయినవాళ్లు అలక మాని వచ్చి, రుచి తీసుకుని వెళ్లినట్టు లెక్క. ఆ కుండలో తాన్ ఉప్పూ వేయడు, పొడీ వేయడు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. తన భార్య పోయినప్పుడు ఆమె గిన్నె కూడా అలాగే వండాడు. మోసం తనదే అయినవాడికి ఓదార్పు ఎక్కడిది? ఒక చెంచా తాగి, పెరట్లోకి పోయి ఏడ్చాడు.

చనిపోయిన వూ ముసలమ్మ కూతురు లాన్ పొయ్యి దగ్గరకు వచ్చింది.

“బాబాయ్, అమ్మ తింటుందంటావా?”

“ఎందుకు తినదే? నా వంట వద్దన్న శవం ఇంతవరకు లేదు.”

లాన్ నవ్వలేదు. “కొత్త సంవత్సరం రోజు పులుసులో ఆ పొడి వేశాను. ముఖం కందిపోయింది, మెడ మొద్దుబారిందీ అంది. ‘వేషాలెయ్యకు, అందరూ తినట్లా?’ అన్నాను. అంతే. మళ్లీ నా చేతి కూడు ముట్టలేదు.”

“పడనివాళ్లకి పడదమ్మా. ఊరుకో. తల్లులు చచ్చాక అలగరు.”

గిన్నె పెట్టమని బయట బూర ఊదారు. తాన్ గబగబా గిన్నె నింపి పేటిక ముందు పెట్టి వచ్చాడు. తిరిగొచ్చి చూస్తే చిన్న కుండ మూత తీయనే లేదు. అలవాటైన చెయ్యి కళాయిలోనే ముంచింది. అగరొత్తి వెలిగించాక ఇక ఆ గిన్నె ఎవరూ ముట్టుకోకూడదు. పాపం, ఈ పిల్ల గతేం కాను?

అగరొత్తి ఆరింది. లాన్ చెంచాడు నోట్లో పోసుకుంది.

“చప్పగా ఉంది,” అంటూ భోరుమంది.

తాన్ నమ్మలేక తనూ తాగి చూశాడు. నీళ్లకైనా ఏదో రుచి ఉంటుంది, దీనికి అదీ లేదు. పరుగున పోయి కళాయిలోది నాకాడు. అందులో రుచి పెట్టింది పెట్టినట్టే ఉంది.

పేటిక మూత వేసేముందు అందరినీ కడసారి చూపుకు పిలిచారు. పొద్దున మైనంలా పాలిపోయి ఉన్న ముసలమ్మ ముఖం బుగ్గల నుంచి మెడ దాకా ఎర్రగా కందిపోయి ఉంది. పెద్దవాళ్లు తలలు తిప్పుకున్నారు. లాన్ మాత్రం వంగి, తల్లి మెడ నిమిరింది.

“నిజమేనమ్మా. వేషం కాదు. నిజమే.”

తాన్ గోడకు చేరగిలబడ్డాడు. అయితే తన పెళ్లాం కూడా వచ్చే ఉంటుంది. అంత దూరం నుంచి ఆకలితో వచ్చినదానికి, తీసుకోవడానికి చిటికెడు రుచి లేని నీళ్లు పెట్టాడు.

పేటికను భుజాలకెత్తుకున్నారు. తాన్ గరిటెలు కూడా సర్దుకోకుండా కొండదారి పట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతను ఏ ఇంటా పొయ్యి వెలిగించలేదు.

“ఆ పొడికి అమ్మకు దాహమేస్తుంది,” అని లాన్ సగం దారి నుంచి వెనక్కి వచ్చింది. పేటిక ఉన్న చోట, నేల మీద, అంచు పెచ్చులూడిన గ్లాసు నిండా మంచినీళ్లు పెట్టింది.