లూర్దమ్మ జూబిలీ

పక్షవాతం వచ్చాక బాలశౌరికి మిగిలిన మాట ఒక్కటే. వద్దు. నీళ్లు కావాలన్నా వద్దు, దుప్పటి తీయమన్నా వద్దు, నడుము నొప్పి పుట్టినా వద్దు. ఏ వద్దు దేనికో మూడేళ్లలో భార్య లూర్దమ్మ నేర్చుకుంది. ఆమె గుమ్మం దాటబోయేటప్పుడు అనే వద్దుకు మాత్రం అర్థం వెతుక్కోనక్కర్లేదు. పక్షవాతం సోకని ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకునేవాడు. రోలింగ్ మిల్లులో ఇరవై ఏళ్లు పనిచేసిన చెయ్యి అది, అంత తేలిగ్గా వదలదు.

రాయపూర్ శివారు బీర్‌గావ్‌లో వాళ్లది రెండు గదుల ఇల్లు. కూతురు వీణ బిలాస్‌పూర్‌లో నర్సింగ్ చదువుతూ సెలవులకు వచ్చి వెళ్తుంది. మిగతా రోజుల్లో లూర్దమ్మ కూరగాయలకు వెళ్లినా ఇరవై నిమిషాల్లో తిరిగి రావాలి. ఆలస్యమైతే అతని ఏడుపు వీధి మలుపు దాకా వినిపించేది. ఆదివారం చర్చిలో పూజకు వెళ్లి మూడేళ్లయింది.

రెండువేల ఇరవై అయిదు జూబిలీ సంవత్సరం, క్యాథలిక్కులకు పాతికేళ్లకోసారి వచ్చే పుణ్యకాలం. ప్రతి చర్చి విచారణ నుంచీ జనం రాయపూర్‌లోని పెద్ద గుడి కెథెడ్రల్‌కు యాత్రగా వెళ్తున్నారు. నవంబరు మొదటి శుక్రవారం బాలశౌరికి సత్ప్రసాదం ఇవ్వడానికి ఫాదర్ ఎక్కా ఇంటికి వచ్చారు. ఆయనది జశ్‌పూర్, మాట్లాడేది హిందీ. ఆయన లేవబోతుంటే లూర్దమ్మ అడిగింది.

"ఫాదర్, మనవాళ్లు నడిచి వెళ్తున్నారట గదా. నా పేరు కూడా రాయండి."

ఫాదర్ జాలిగా చూశారు. "నువ్వు రానక్కర్లేదమ్మా. రోగికి సేవ చేస్తూ ఇల్లు కదల్లేనివాళ్లు ఇక్కడే ప్రార్థన చేసుకోవచ్చు. యాత్ర చేస్తే వచ్చే దీవెనే వస్తుంది. ఇంకో మాట, రోగిని చూడ్డానికి వెళ్లడం కూడా యాత్రే. రోగిలో ఉన్న క్రీస్తు దగ్గరకు వెళ్లినట్టు. ఈ ఆదివారం మేమే మీ ఇంటికి వస్తాం."

ఆయన ఎంతో మంచి కబురు చెప్పినట్టు చెప్పారు. ఆమె తల ఊపింది. ఆమెకు కావలసింది దీవెన ఒక్కటే కాదు, ఆ పది కిలోమీటర్ల దారి. అది ఎలా చెప్పాలో తెలియలేదు.

ఆదివారం పదహారు మంది వచ్చారు. మంచం చుట్టూ నిలబడి హిందీలో పాట పాడారు, జపమాల చెప్పారు. ఆ గదిలో చోటు చాలక లూర్దమ్మ వంటింట్లోనే ఉండిపోయి టీ కాచింది. ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. "అదృష్టవంతురాలివి సిస్టర్. యాత్ర నీ ఇంట్లోనే ఉంది," అంది.

అరగంటలో అందరూ చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. లూర్దమ్మ మంచం పక్కన నిలబడింది.

"నీలో దేవుణ్ణి చూసిపోయారంట," అంది భర్తతో. "నాకు మూడేళ్లుగా నువ్వు తప్ప ఇంకేం కనిపించట్లేదయ్యా."

"వద్దు," అన్నాడతను. కాలి దగ్గర దుప్పటి బరువుగా ఉందని.

"నాకూ వద్దు," అంది ఆమె. ఆ మాట పైకి అనేసినందుకు తనకే భయం వేసి నేల మీద కూలబడింది.

టీ గ్లాసులు అరువిచ్చిన పొరుగింటి గంగాభవాని అప్పుడే వాటి కోసం వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఆవిడ భర్త రైల్వేలో చేసి రిటైరయ్యాడు. వాళ్లది విజయనగరం వైపు.

"ఎల్లేదెప్పుడు వదినా, మీవోళ్లు?" అంది లోపలికి వచ్చి.

"వచ్చే ఆదివారం."

"నువ్వూ ఎల్లు. నానుంటాను."

"ఏడుస్తాడు వదినా. నీ చేత్తో తినడు."

"ఏడిస్తే ఏడవనీ. ఓ పూట ఏడిస్తే ఏటవుద్ది? టెన్షన్ తీసుకోకు."

"ఏమైనా నాకు దాచకుండా ఫోన్ చేసి చెప్పాలి మరి."

"సరే, సెప్తానులే."

ఆ వారమంతా లూర్దమ్మ వెళ్లకూడదని పదిసార్లు అనుకుంది. అతను నిద్రపోతుండగా జారుకోవచ్చని కూడా అనుకుంది. కానీ ఆదివారం ఉదయం అతన్ని లేపి కూర్చోబెట్టి మొహంలో మొహం పెట్టి చెప్పింది. "కెథెడ్రల్‌కు వెళ్తున్నా. మధ్యాహ్నానికి వస్తా. వదిన ఉంటుంది."

అతను మణికట్టు పట్టుకున్నాడు. ఆమె ఒక్కొక్క వేలే విడదీసింది. చివరి వేలు విడిపించేటప్పుడు అతని కళ్లలోకి చూడలేకపోయింది. వీధి మలుపు దాకా వద్దు, వద్దు అని వినిపిస్తూనే ఉంది. మలుపు తిరిగాక వినిపించకపోయినా విన్నట్టే ఉంది.

భన్‌పురి రోడ్డు మీద లారీల మధ్య దుమ్ములో నలభై మంది వరుసగా నడుస్తున్నారు. ముందు శిలువ, వెనక పాట. లూర్దమ్మ పాట అందుకోలేదు. అతను ఎప్పుడూ పట్టుకునే ఎడమ చెయ్యి ఖాళీగా, తనది కానట్టు వేలాడుతోంది. ట్రాన్స్‌పోర్టు గోడౌన్ల దగ్గర ఫోన్ మోగింది.

"వదినా, గిన్నె ఇసిరేసినాడు. ఏడుస్తున్నాడు," అంది గంగాభవాని. "రమ్మని కాదు. సెప్పమన్నావని సెప్తున్నాను."

ఫోన్‌లో వెనక అతని గొంతు. లూర్దమ్మ రోడ్డు పక్కకు జరిగి నిలబడిపోయింది. ఫాదర్ వెనక్కి వచ్చి విషయం తెలుసుకుని, "ఆటో పిలవనా అమ్మా?" అన్నారు.

ఆటోలో ఇంటికి పది నిమిషాలు. వెళ్తే ఇంకెప్పుడూ ఈ దారిలోకి రాదని ఆమెకు స్పష్టంగా తెలిసింది. వెళ్లకపోతే తానేమవుతుందో తెలియలేదు.

"వద్దు ఫాదర్," అంది. "నడుస్తా."

కెథెడ్రల్ చేరేసరికి పాదాలు బొబ్బలెక్కాయి. సంతోషం వస్తుందనుకుంది, రాలేదు. ప్రార్థనకు చేతులు జోడించింది, ఒక్క మాటా రాలేదు. వెనక బెంచీ మీద కూర్చుని తల గోడకు ఆనించింది. అంతే, నిద్రపోయింది. పూజ మొదలైంది, ముగిసింది. ఎవరూ లేపలేదు. మూడేళ్లలో ఏ పిలుపూ వినకుండా ఆమె పోయిన నిద్ర అదే.

ఇంటికి వచ్చేసరికి బాలశౌరి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆమె క్షమాపణ అడగలేదు. ఒళ్లు తుడిచింది, పక్క మార్చింది, ముద్ద పెట్టి నోరు తెరిచేదాకా కూర్చుంది. మూడో రోజు తెరిచాడు.

డిసెంబరు మొదటి శుక్రవారం ఫాదర్ వచ్చినప్పుడు లూర్దమ్మ టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"మా ఇంటికి యాత్ర చేసేవాళ్లు ఇంకా ఉన్నారా ఫాదర్?"

"ఎందుకు లేరమ్మా?"

"అయితే పదహారు మంది అరగంటకు రావద్దు. ఆదివారం ఒక్కరు రండి, మూడు గంటలు కూర్చోండి. ఆయన ఏడుస్తాడు, గిన్నె విసురుతాడు. ఉండగలిగినవాళ్లే రావాలి. నేను పూజకు వెళ్తా."

ఫాదర్ టీ గ్లాసు కింద పెట్టారు. "ఇది మేమే అడగాల్సింది," అన్నారు.

గుడిలో ప్రకటిస్తే ఇద్దరు ముందుకు వచ్చారు. ఇప్పుడు నెలలో రెండు ఆదివారాలు లూర్దమ్మ పూజకు వెళ్తుంది. మిగతా రెండు ఆదివారాలు ఇంట్లోనే. వెళ్లిన ప్రతిసారీ అతను ఏడుస్తూనే ఉన్నాడు. ఆమె వెళ్తూనే ఉంది.