మా ఇంట్లో భూతకాలం

నేను పోయాక మా అమ్మ నన్ను తెగ మెచ్చుకుంటోందని విన్నాను. "పెద్దది పనిమంతురాలు. కుట్టు వేస్తే గీత గీసినట్టుండేది" అందట. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా కుట్టుకి వంకలు పెట్టడం తప్ప ఇంకో పని చెయ్యలేదు మహాతల్లి.

పోయానంటే నిజంగా పోలేదు. మూడు పూటలా తింటున్నాను. బస్సుల డిపోలో సీట్లకి రెగ్జిన్ తొడుగులు కుడుతున్నాను. సన్నిధి వాళ్ళ దృష్టిలో మాత్రం పోయాను. సన్నిధి అంటే మావాళ్ళ మతం. అందులో పుట్టినవాళ్ళెవరైనా సన్నిధిని నడిపే పెద్దాయన ఎదుట నిలబడి "నేను లేను" అంటే చాలు, ఆ క్షణం నుంచి వాళ్ళు లేనట్టే. ఎవరూ కొట్టరు, తిట్టరు, మెడపట్టి గెంటరు. లేనిదానికి మెడెక్కడిది? చూడరు, వినరు, అంతే. ఎప్పుడైనా తలుచుకోవాల్సి వస్తే భూతకాలంలో తలుచుకుంటారు. తినేది, కుట్టేది, నవ్వేది. ఎవరైనా నోరు జారి "తింటుంది" అన్నా, "ఎక్కడుందో ఏమో" అని నిట్టూర్చినా, ఎదురుపడ్డప్పుడు "ఏం" అని పలకరించినా, వాళ్ళూ లేనివాళ్ళే. ఒక్క క్రియ తప్పితే మనిషి గల్లంతు. బళ్ళో వ్యాకరణం చెప్పే పంతులు కూడా ఇంత ఘోరంగా మార్కులు కొయ్యడు.

నేను ఆ 'లేను' మాట ఎందుకన్నానో చెప్తాను. మా మేనమామ నా చిన్నప్పుడే లేనివాడయ్యాడు. పెద్దయ్యాక ఒకసారి సంతలో గొడుగులు బాగుచేస్తూ కనిపించాడు. నిక్షేపంలా ఉన్నాడు, నన్ను చూసి నవ్వాడు కూడా. ఆ వారం ప్రార్థనయ్యాక పెద్దాయన్ని అడిగాను.

"దేవుడికి అన్నీ కనబడతాయి కదండీ. మావయ్య బతికే ఉన్నాడని ఆయనకి తెలుసా, తెలీదా? తెలిస్తే మనం ఆయన మొహం మీదే అబద్ధమాడుతున్నాం. తెలీకపోతే ఆయనకి మనమే కళ్ళజోడు కొనిపెట్టాలి."

పెద్దాయన కోప్పడలేదు. ఆయనెప్పుడూ కోప్పడడు. పంచదార పలుకుల మనిషి. నన్ను ప్రార్థన జరిగినంతసేపూ గోడకి మొహం పెట్టి నిలబడమన్నాడు. ఆ రోజూ, ఆ తర్వాతా, చలికాలం పోయి ఎండలు ముదిరేదాకా. వాళ్ళు చేసిన తప్పు అదే. అంతకుముందు నాకు ఆలోచించే తీరికే ఉండేది కాదు.

ఆ మాట అనేసి బయటికొచ్చి ఎగిరి గంతేశాననుకుంటున్నారేమో. అంత సీను లేదు. ప్రతి కుట్టు మొదలుపెట్టేముందు సన్నిధిలో "ఆయన ఇష్టం" అనాలి. డిపోలో మెషిను ముందు కూర్చోగానే నోరు దానంతటదే అనేసేది. మా మేస్త్రమ్మ విని, "ఎవరి ఇష్టమే తల్లీ? ఇక్కడ సీటు కొలత ఇష్టం, కానీ" అంది. ఏ రంగు దారం వెయ్యమంటారని అడిగితే, "నీకేది బాగుంటే అది వెయ్" అంది. నేను బాత్రూంలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. నాకేది బాగుంటుందో నాకు తెలీదు మరి. ఎవడూ అడిగిన పాపాన పోలేదు.

ఇక అసలు సంగతి.

మా అమ్మావాళ్ళింటికి గ్యాస్ సిలిండరు వేసే అతను సన్నిధి మనిషి కాదు కాబట్టి నాతో మాట్లాడతాడు. ఒకరోజు పొద్దున్న డిపో గేటు దగ్గర ఆపాడు. "మీ చెల్లికి రేపేదో ఫంక్షనట కదమ్మా, మాటప్పగింతట. పెళ్ళిలాంటిదా అది?"

పెళ్ళిలో పిల్లని అప్పగిస్తారు. ఇందులో పిల్ల నోరు అప్పగిస్తారు. అప్పగించాక ఆ ఆడమనిషి చచ్చేదాకా మాట్లాడకూడదు. నోటి మీదికి రెక్క ఉన్న బూడిదరంగు అంగీ తొడిగి, సన్నిధి కుట్టుశాలలో కూర్చోబెడతారు. వెతికి వెతికి మాటకారుల్నే ఎంచుకుంటారు. మూగమొద్దు నోరు దేవుడికి దేనికి?

మా చెల్లిని అందరూ వసపిట్ట అంటారు. నిద్రలో మాట్లాడుతుంది. నీళ్ళు తాగుతూ మాట్లాడబోయి పొలమారుతుంది. గోడ మీద బల్లి కిచకిచమంటే "ఆఁ, చెప్పు" అంటుంది. దాని నోరు కట్టడమంటే పారే కాలవకి సిమెంటు పొయ్యడమే. అది రేపు జరుగుతుంది. ఇవాళ దాన్ని బయటికి లాక్కురాకపోతే ఇంక జన్మలో దాని గొంతు వినను.

మేస్త్రమ్మకి చెప్పి అటునుంచటే బయల్దేరాను. నన్నాపేవాళ్ళు ఎవరూ లేరని నాకు తెలుసు. "పో" అనాలంటే ముందు నేను ఉన్నానని ఒప్పుకోవాలి. ఆ తెలివితేటలకి దారంతా నన్ను నేనే మెచ్చుకున్నాను.

గుమ్మంలో మా నాన్న నిలబడి ఉన్నాడు. నేను తలుపు అంచు మీద చెయ్యి వేశాను. "దుమ్మొస్తోంది" అంటూ తలుపు మూశాడు. నా వేళ్ళు నలిగాయి. కేక పెట్టాను. ఆయన గడియ పెట్టుకున్నాడు. పెరటి తలుపు గుండా దూరాను.

ముందు గదిలో అమ్మ మెషిను మీద వంగి ఉంది. బూడిదరంగు అంగీ అయిపోవచ్చింది. వసపిట్ట పీట మీద కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బొమ్మలాగా. కుర్చీలో పెద్దాయన. రేపటి పని సరిగ్గా అవుతోందో లేదో చూసుకోవడానికి వచ్చాడు. నాన్న ఆయనకి టీ ఇచ్చి, తన గ్లాసు తీసుకున్నాడు.

నేను చెల్లి పక్కన నేలమీద కూర్చున్నాను. "వసపిట్టా, లేవవే. నాతో వచ్చెయ్. నీకిష్టమై చేస్తున్నావా ఇది?"

అది తలెత్తలేదు. కాలి బొటనవేలు మాత్రం కదిలింది.

నాన్న రెండు గుక్కలు తాగి, "చల్లారిపోయింది" అని మిగతాది నేలమీద పారబోశాడు. నేలమీద నేనున్నాను. టీ ఇంకా పొగలు కక్కుతోంది. తొడలు మండిపోయి గెంతులేశాను. పెద్దవాళ్ళు ముగ్గురిలో ఒక్కరి కనురెప్పా ఆడలేదు.

"పెద్దదుంటే ఈ కాజాలు తనే కుట్టేదండీ" అంది అమ్మ పెద్దాయనతో. "ఏం వేళ్ళో దానివి! పాపం."

"అమ్మా, ఇక్కడే ఉన్నాను. ఇటివ్వు, కుడతాను."

మెషిను చప్పుడు పెంచింది.

"నోటిరెక్క కాస్త వెడల్పుగా ఉండనీ అమ్మా" అన్నాడు పెద్దాయన మెత్తగా. "ఈ పిల్లకి అవసరం."

అమ్మ ఆ రెక్కని మెషిను మీద సాఫుగా పరిచి, చూడండి అన్నట్టు చేత్తో నిమిరింది. చిన్నప్పుడు మా తలలు నిమిరినట్టే నిమిరింది. నాకు ఒళ్ళు మండింది. పక్కనే ఉన్న కత్తెర అందుకుని రెక్కని నడిమికి కసుక్కున కత్తిరించేశాను.

అమ్మ చివాల్న లేచింది.

"నీ చేతులు పడిపోను! సర్వనాశనం చేశావు గదే! చస్తావే, కుక్కచావు చస్తావ్!"

నా మొహంలోకి చూస్తూనే అంది. నా మొహంలోకి! చస్తావ్. చచ్చావు కాదు, చచ్చింది కాదు. చావబోతున్నదంటే బతికున్నదే కదా. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వేళ్ళు నలిగి, తొడలు కాలి, తల్లి శాపనార్థాలు తింటూ నిలబడి, ఆ గదిలో నాకంటే సంతోషంగా ఎవరూ లేరు.

పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఎవర్నమ్మా అంటున్నావు?"

అమ్మ ఇంకా నన్నే చూస్తోంది. చూస్తూండగానే ఆ కళ్ళలోంచి నేను జారిపోవడం నాకు తెలిసింది. తల తిప్పింది.

"చిన్నదాన్నండి. అదే కత్తిరించింది."

కత్తెర నా చేతిలో ఉంది. పెద్దాయన చూపు కత్తెర మీదుగా పోయింది. గాల్లో కత్తెర వేలాడుతుంటే మామూలు మనిషైతే జడుసుకోవాలి. ఆయన జడుసుకోలేదు.

"నేనే కత్తిరించాను!" అని అరిచాను. "ఇదిగో కత్తెర! నాన్నా, నువ్వు చూశావుగా! ఒక్కసారి, ఒక్కసారి నిజం చెప్పి చావండి!"

ఎవరికి వినపడాలి? లేనిదాన్నై ఇంట్లో దూరడం సులువేననీ, లేనిదాన్నై సాక్ష్యం చెప్పడం కుదరదనీ అప్పటికిగానీ నా మట్టిబుర్రకి తట్టలేదు. నేను చేసిన పని నా చెల్లి మెడకి చుట్టుకుంది.

"రేపటిదాకా ఆగడం మంచిది కాదేమో" అన్నాడు పెద్దాయన. "పిల్లలో ఎదురుతనం కనిపిస్తోంది. ఇప్పుడే అప్పగిద్దాం. అంగీ తర్వాత కుట్టుకోవచ్చు, నోటికి ఈ తెగిన ముక్క ఉందిగా. తల్లి చేతుల మీదుగానే జరగాలి."

నాన్న వసపిట్ట రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. అమ్మ తెగిన ముక్కని ఉండ చుట్టింది. బాబిన్‌కి దారం చుట్టినంత శ్రద్ధగా, బిగువుగా. నేను నాన్న చెయ్యి పట్టుకుని బలంకొద్దీ లాగాను.

"ఏంటో, చెయ్యి ఒకటే పీకుతోంది" అన్నాడు నాన్న. "వాతం."

"నోరు తెరువమ్మా" అంది అమ్మ. అమ్మ గొంతులో అంత ప్రేమ నేనెప్పుడూ వినలేదు. "మొదట్లో దవడలు నొప్పెడతాయి, తర్వాత అలవాటైపోతుంది. నా బంగారు తల్లివి కదూ."

గుడ్డ పెదాలకి తగిలింది. వసపిట్ట తల పక్కకి తిప్పి, స్పష్టంగా, ప్రార్థనలో పలికినట్టు పలికింది.

"నేను లేను."

అమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏమన్నావ్?" అన్నాడు పెద్దాయన. పంచదార కరిగిపోయింది.

"ఎవర్నండీ అడుగుతున్నారు?" అంది వసపిట్ట.

ఆయన నాన్న వంక తిరిగాడు.

"లేనిదాన్ని పలకరిస్తే ఏమవుతారో మాకు చెప్పింది మీరే కదండీ. నాన్నా, నీ చేతుల్లో ఎవరి చేతులున్నాయి?"

నాన్న పెనం ముట్టుకున్నట్టు వదిలేశాడు. అరచేతులు పంచెకి తుడుచుకున్నాడు.

పెద్దాయన కళ్ళజోడు తీసి నిదానంగా తుడిచి పెట్టుకున్నాడు. "అమ్మా" అన్నాడు మా అమ్మతో. "నేనిప్పుడు ఎవరితోనైనా మాట్లాడానా?"

"లేదండీ" అంది అమ్మ. తడుముకోలేదు. "మీరేం అనలేదు. నేనేం వినలేదు."

ఆయన కోసం ఆడిన ఆ అబద్ధం మా చెల్లి కోసం ఆడి ఉంటే సరిపోయేది. పిల్లిని తిట్టానంటే పోయేది. ఎలకని తిట్టానంటే పోయేది.

వసపిట్ట లేచింది. కాళ్ళు తిమ్మిరెక్కాయేమో, గోడ పట్టుకుంది. అమ్మ చేతిలో గుడ్డ ఉండ ఇంకా అలాగే ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తెలీనట్టు కాసేపు చూసి, మెషిను మీద కారిన నూనె తుడిచింది.

"చిన్నది మంచిదేనండీ" అంది. "కాకపోతే మాటలెక్కువుండేవి."

అంతే. అంత త్వరగా. ఇంకా గుమ్మం కూడా దాటలేదు పిల్ల.

మా వెనక నాన్న తలుపేశాడు. దుమ్ము.

వీధిలో అది నా వెనక నడవడం మొదలుపెట్టింది. సన్నిధిలో అంతే, ముందు ఎవరో ఒకరు ఉండాలి, వాళ్ళ మడమలు చూస్తూ నడవాలి.

"పక్కకి రావే" అన్నాను.

"ఎటెళ్తున్నాం?"

"బస్టాపుకి."

"తర్వాత?"

"నా గదికి. ఆ తర్వాత నీ ఇష్టం."

అది నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు, "ఏమ్మా, ఇల్లు కట్టుకుంటావా అక్కడ?" అని అరుస్తున్నాడు. దానికి వినపడట్లేదు. "నా ఇష్టమంటే ఎవర్నడగాలక్కా?" అంది. పళ్ళు టకటకలాడుతున్నాయి, ఎండలో.

"ఎవర్నీ అడగక్కర్లేదు. భయమేస్తుంది. నాకు ఇప్పటికీ వేస్తుంది. దారం రంగు దగ్గర కూడా వేస్తుంది."

చెయ్యి పట్టి ఇవతలికి లాగాను.

బస్సులో మేం కూర్చున్న సీటు నేను కుట్టిందే. అది కుట్టు మీద వేలు పెట్టి చివరిదాకా లాగింది. "ఇక్కడ వంకర పోయింది" అంది. అచ్చం అమ్మే. నవ్వబోయి, దాని కింది పెదవికి అంటుకున్న బూడిదరంగు పోగు చూసి ఆగాను.

కండక్టరు వచ్చి "ఎక్కడికమ్మా?" అని దాన్నే అడిగాడు. అది నా వంక చూసింది. నేను కావాలనే కిటికీ బయటికి చూశాను. కండక్టరు విసుక్కున్నాడు. "మాటలు రావా?"

"వస్తాయి" అంది వసపిట్ట. "బస్సు ఎక్కడిదాకా వెళ్తుంది?"

"డిపో దాకా."

"అయితే డిపో దాకా."

తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఎవరూ ఆపకపోయినా వసపిట్ట మాట్లాడకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. గుడ్డ లేకుండానే పని జరిగిపోయిందేమోనని భయమేసింది.

"అమ్మకి మోకాళ్ళ నొప్పులుండేవి" అంది చివరికి. "చన్నీళ్ళు పడేవి కావు."

"ఉండేవి కాదే, ఉన్నాయి" అన్నాను గట్టిగానే. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. "అమ్మ ఉంది. ఇంట్లో కూర్చుని కుడుతోంది. మనం వాళ్ళలాగా మాట్లాడొద్దు."

అది పెదవి మీది పోగుని గోటితో పీకి, కిటికీలోంచి వదిలేసింది.

"అమ్మ మంచిదేనక్కా" అంది. "కాకపోతే భయమెక్కువుండేది."